ప్రళయము తరువాతి దాహము

మన పురాణములు ప్రళయమును నాలుగు తెఱగులుగా చెప్పినవి: నిత్యము, నైమిత్తికము, ప్రాకృతికము, ఆత్యంతికము. లోకములు నీట మునిగిన పిమ్మట మార్కండేయ మహామునికి కనబడినది మఱ్ఱియాకుపై పవ్వళించిన బాలు డొక్కడు. అచ్చట ఆకలిగొన్నవారు లేరు, దప్పిగొన్నవారు లేరు, బిందె చంకనిడుకొని వరుసలో నిలిచిన ఇల్లాలు లేదు. మన కథలలో ప్రళయము వెనుక మఱల సృష్టి కలదు గాని, ఆ నడుమ సంసారము లేదు. ప్రళయము వచ్చి పోయినది, లోకము చెడినది, అయినను కొందఱు మిగిలినారు, వారికి రేపటి యుదయమున పొయ్యి రాజవలెను, కడవ నిండవలెను అను కథ క్రొత్తది. 1945 ఆగస్టులో హిరోషిమా, నాగసాకి నగరములపై అణుబాంబులు పడిన తరువాత పాశ్చాత్యులును జపానువారును ఈ కథను మఱల మఱల చెప్పుకొనుచున్నారు. నవలలలో చెప్పిరి, చలనచిత్రములలో చూపిరి, 1980ల నుండి కంప్యూటరు ఆటలలో ఆడుచున్నారు.

ఆ యాటలు నేడు మన యిండ్లకును వచ్చినవి. పిల్లవాడు గది తలుపు మూసికొని కూర్చుండును. లోపలనుండి తుపాకి మ్రోతలు వినవచ్చును. తల్లికి తెలిసినదంతయు అంతియే. "ఏమి నాయనా అది?" అని యడిగినచో "నీకు తెలియదులేమ్మా" అను సమాధానము వచ్చును. సోదరీమణులారా! తెలియకపోవుటకు అందులో బ్రహ్మవిద్య యేమియు లేదు. ఆ మ్రోతల వెనుకనున్న కథ యేమని విచారించినచో మనకు మిక్కిలి పరిచితమైన వస్తు వొకటి కనబడును. అది నీరు. నీరు తక్కువైనప్పుడు ఎవరి నీటిని ఎవరు త్రాగవలెను అను ప్రశ్న ఈ యాటలలో మొదట ఎంత పదునుగా నుండెనో, నడుమ నెట్లు మొద్దువాఱెనో, ఇటీవల నే రూపమున తిరిగి వచ్చెనో చెప్పుటయే నా యుద్దేశము.

ముందుగా ఈ జాతి యాటల స్వరూపము. వీనిని రోల్ ప్లేయింగ్ గేములందురు. అనగా వేషము కట్టి యాడునట్టివి. వైకుంఠపాళిలో మన కాయకు గుణములు లేవు. పందెము పడినంత మేర నడచును, పాము నోట బడినచో జాఱును. ఇందట్లు గాదు. ఆట మొదలిడకముందే ఆడువాడు తన పాత్రకు గుణములు పంచవలెను. ఫాలౌట్ అను ప్రసిద్ధమైన యాటలో ఇవి యేడు: బలము, గ్రహణశక్తి, ఓర్పు, ఆకర్షణ, బుద్ధి, చుఱుకుదనము, అదృష్టము. ఒకదానికి ఎక్కువ పెట్టినచో మఱియొకదానికి తగ్గును. నెలజీతమును ఖర్చులకు పంచుకొను ఇల్లాలికి ఈ లెక్క నెవ్వరును నేర్పనక్కఱలేదు. బుద్ధిని మఱీ తక్కువ చేసికొన్నవానికి ఆటలో మాటయే సరిగా రాదు. ఎవ్వరు పలుకరించినను మూలుగుటతో సరి. ఈ పద్ధతి కాగితముమీద పాచికలతో ఆడుకొను ఆటలనుండి వచ్చినది. అమెరికాలో 1974లో వెలువడిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ వానిలో పెద్దది. ఒకడు కథ చెప్పును, తక్కినవారు పాత్రలై "నే నిట్లు చేయుదును" అందురు, ఫలితమును పాచిక తేల్చును. పిదప ఆ కథకుని పీటపై కంప్యూటరు కూర్చున్నది.

1988లో అమెరికాలోని ఇంటర్‌ప్లే సంస్థవారు వేస్ట్‌ల్యాండ్ అను ఆటను సిద్ధపఱచిరి. దాని పెద్ద బ్రయన్ ఫార్గో. కాగితపు ఆటలలో చేయి తిరిగిన కెన్ సెయింట్ ఆండ్రీ, మైకేల్ స్టాక్‌పోల్ అనువారును, లిజ్ డాన్‌ఫోర్త్ అను స్త్రీయును అందులో పాలుగొనిరి. కథలో 1998లో అణుయుద్ధము జరుగును; 2087లో ఎడారి నడుమ శాంతిరక్షకుల దండొకటి ఊరూర తిరిగి తగవులు తీర్చుచుండును. ఆ దినములలో కంప్యూటరు పలకలో స్థలము బహు స్వల్పము. కథ యంతయు నందు పట్టదు. కావున కథాభాగములను ఒక చిన్న పుస్తకముగా అచ్చువేసి ఆటతోబాటు అమ్మిరి. ఆట నడుచుచుండగా "ఇన్నవ పేరా చదువుము" అని తెరమీద వచ్చును. ఆడువాడు పుస్తకము తీసి చదువుకొనవలెను. ముందుగానే అన్నియు చదివి గెలువజూచు తొందరపాటువారికొఱకు, కథతో సంబంధము లేని బూటకపు పేరాలనుగూడ నడుమ నడుమ చేర్చిరి! ఈ సంగతి వినినప్పుడు నాకు నవ్వు వచ్చినది. వెనుకటి పంతుళ్లెవ్వరో ఆ సంస్థలో పనిచేసియుందురని మావారు అనిరి.

మా అన్నగారి కుమారుడు బెంగుళూరిలో చదువుకొనుచు సెలవులకు వచ్చినప్పుడు ఈ యాటలను నా కొక్కొక్కటిగ జూపెను. నే నాడుట తక్కువ, చదువుట యెక్కువ. "అత్తా, అంత మెల్లగా చదివితే శత్రువు వచ్చి పొడిచిపోతాడు" అని వాడు నవ్వుచుండెడివాడు. ఆ తొలి యాటలలో మాత్రము శత్రువు మనవంతు వచ్చువఱకు కదలక నిలుచును, తీరికగా చదువుకొనవచ్చును. నాకు నచ్చినవియు నవియే.

అసలు కథ 1997 అక్టోబరులో వెలువడిన ఫాలౌట్‌తో ఆరంభమగును. ఇదియు ఇంటర్‌ప్లే వారిదే. టిమ్ కెయిన్ అనునాతడు 1994లో పని మొదలిడెను. అందు 2077లో యుద్ధము జరిగినది. ముందుచూపున్నవారు నేలలోపల గుహలవంటి ఆశ్రయములు కట్టుకొని దాగిరి. పదుమూడవ సంఖ్య గల ఆశ్రయములో తరతరములు గడచినవి. బయటి వెలుగు నెఱిగినవారు లేరు. 2161లో వారి నీటిని శుద్ధిచేయు యంత్రములో ఒక చిన్న బిళ్ల చెడిపోవును. మఱియొకటి లేదు. నిలువనీరు 150 దినములకు వచ్చును. ఆ గడువులోగా బయటికిబోయి బిళ్ల తేవలెనని ఒకరిని పంపుదురు; ఆ యొకరే ఆడువారు. 150 దినములు! ఎండకాలమున బోరు ఎండిపోయి, ట్యాంకరు ఎప్పుడు వచ్చునో తెలియక, తొట్టిలో నీటిని కంటితో కొలుచుకొనిన మా ఓబులదేవరచెరువు ప్రాంతపు ఆడువారికి ఆ లెక్క కల్పితముగా తోచదు. మా ఊరి పేరులోనే చెఱువున్నది. అయినను మేఘమును నమ్ముకొన్న ఊరు. ధాత నామ సంవత్సరమున ఆరంభమై 1876 నుండి 1878 వఱకు ఈ సీమను పీడించిన కఱవును మా ముత్తవ్వలు ధాతు కఱవని చెప్పుకొనిరి. 1952లో రాయలసీమలో గంజికేంద్రములు వెలసెను. లోకాంతమును చూచుటకు మేము అణుబాంబుకొఱకు వేచియుండలేదు.

ఆ నాయకుడు గడువును పెంచుకొనుటకు ఒక యుపాయ మున్నది. హబ్ అను సంతపట్టణములో నీటి వర్తకులు గలరు. వారికి రొక్కమిచ్చినచో బండ్లమీద ఆశ్రయమునకు నీరు పంపుదురు, ఇంకొక 100 దినములు గడచును. కాని ఆ బండ్లు పోవు దారి శత్రువులకును తెలియును. దాగియున్న ఊరి గుట్టు బయటపడును. ట్యాంకరు నీటితో నెట్టుకొని వచ్చిన ఏ ఊరికైనను ఈ సంకటము క్రొత్తది కాదు, ఏదో యొకటి చెల్లింపకుండ నీరు రాదు.

ఇక బిళ్ల దొరకు చోటు. అది నెక్రోపొలిస్, అనగా శవనగరము. అణుధూళి సోకి చర్మము కుళ్లి, చావక మిగిలినవారు అందు వసింతురు. వారికి నీరిచ్చు యంత్రములోనే ఆ బిళ్ల యున్నది. ఊడబెఱికి తీసికొనిపోయినచో మన ఊరు బ్రదుకును; వారు దప్పితో చత్తురు.  అయితే నేలక్రింది కాలువలలో తలదాచుకొన్న కొందఱు మెత్తనివారు నాయకునితో మాటలాడి, పాడైన పాత పంపును బాగుచేసినచో బిళ్లను నిశ్చింతగా కొనిపోవచ్చునని చెప్పుదురు. దానికి సామగ్రి వెదకవలెను, మరమ్మతు విద్య తెలియవలెను, గడువులో దినములు వ్యయమగును. ఈ మూడవ దారి యున్నదని ఆట తనంతట బోధింపదు. తొందరపడక నలుగురితో మాటలాడినవానికే తెలియును. నా దృష్టిలో ఈ జాతి యాటలన్నిటికిని ప్రాణ మిచ్చటనున్నది.

చివరి శత్రువు మాస్టర్ అనువాడు. మనుష్యులనందఱిని ఒక ద్రవములో ముంచి రాక్షసబలము గల క్రొత్తజాతిగా మార్చినచో కలహములు నశించునని వాని సిద్ధాంతము. వానిని యుద్ధములో చంపవచ్చును. మాటతోను గెలువవచ్చును. ఆ క్రొత్తజాతికి సంతానము కలుగదని వ్రీ అను విదుషి శవపరీక్ష చేసి వ్రాసిన నివేదికను చూపి వాదించినచో, మాస్టరు తన జీవితకార్యము వ్యర్థమైనదని గ్రహించి తన్ను తానే అంతము చేసికొనును. ఒక పండితురాలి పరిశోధన, ఒక వాది వాక్కు, రెండును కలిసి తుపాకి చేయవలసిన పనిని చేసినవి. ఇంత చేసి యింటికి మఱలిన నాయకుని ఆశ్రయపు పెద్ద వాకిటనే యాపును. నీ కథలు విన్న పిల్లలు నీవలెనే బయటికి పోవుదురు, కనుక నీవు లోనికి రాగూడదని పంపివేయును. నీరు తెచ్చినవానికి ఆ నీరు త్రాగు భాగ్యము లేదు. లంకనుండి వచ్చిన సీతమ్మను తలచుకొనకుండ నే నీ ఘట్టమును చదువలేకపోతిని.

మఱుసటి యేడు, 1998లో, రెండవ ఫాలౌట్ వచ్చినది. వెళ్లగొట్టబడిన ఆ నాయకుడు స్థాపించిన అరోయో అను పల్లెలో, ఎనుబదియేండ్ల తరువాత అనావృష్టి. పైరు మాడినది, పశువులు చచ్చుచున్నవి. ఊరిపెద్ద ఒక స్త్రీ. ఆమె ఆ నాయకుని కుమార్తె. బీడునేలను సస్యశ్యామలము చేయునట్టి పూర్వకాలపు పెట్టె యొకటి యెచ్చటనో యున్నదని విని, దానికొఱకు తన బిడ్డనే పంపును. తల్లి బిడ్డను నీటికి పంపు కథ ఇది. ఆట మొదటిదానికంటె విశాలము; హాస్యమును జూదమును ఎక్కువ. తల్లి యాజ్ఞను మఱచి సందులలో తిరుగుటకు అవకాశము హెచ్చినది.

తరువాత ఆ సంస్థకు అప్పులు ముదిరినవి. ఆ యాటలు చేసిన బ్లాక్ ఐల్ శాఖ 2003లో మూతపడెను. బెతెస్డా అను వేఱొక సంస్థ 2007లో ఫాలౌట్ హక్కులను పూర్తిగా కొనెను. 2008 అక్టోబరులో మూడవ ఫాలౌట్ వెలువడునప్పటికి కాలము మాఱినది. పైనుండి చదరంగపు పలకవలె చూచుట పోయి, నాయకుని కంటితోనే లోకమును చూచుట వచ్చినది. శత్రువు మనవంతుకొఱకు నిలుచుట లేదు. శిథిలమైన వాషింగ్‌టన్ నగరమున వీథులు, గోడలు, ధూళి అన్నియు కన్నుల కట్టినట్లుండును. చదువవలసిన మాట తగ్గెను. చూడవలసిన వస్తువు పెరిగెను.

కథ మాత్రము మఱల నీరే. నాయకుని తల్లి పురిటిలో గతించును. ఆమెయు భర్తయు పోటోమాక్ నదీజలమును విషరహితము చేసి యెల్లరకు ఉచితముగ నీయవలెనని సంకల్పించినవారు. మొదటి యాటలో ఒక ఊరి నీరు, ఇందు ఒక దేశపు నీరు. ఫ్లోరైడు నీటితో పండ్లు పచ్చవాఱిన ఊళ్లను, శుద్ధినీటి డబ్బాలకై చిల్లర కూడబెట్టుకొను ఇండ్లను ఎఱిగిన మన జిల్లావారికి ఆ సంకల్పము విలువ తెలియును. కాని ఇచ్చట గడువు లేదు. నాయకుడు పనిని మఱచి సంవత్సరములు తిరిగినను ఒక్కరును దప్పితో చావరు. పట్టణద్వారముల వెలుపల బిచ్చగాండ్రు మంచినీరు వేడుకొనుచుందురు. ఒక సీసా యిచ్చినచో నాయకుని 'కర్మ' పెరిగినదని తెరమీద అప్పటికప్పుడే అచ్చుపడును. కర్మ అను మన మాటనే వారు వాడిరి. ఇచ్చిన మఱుక్షణమే ఫలము కనబడు కర్మ యే శాస్త్రములోనిదో! బిచ్చగాడు ఎన్నిమారులైనను అడుగును, మనకు పుణ్య మెన్నిమారులైనను వచ్చును. శవనగరములోని ఆ చిక్కుప్రశ్న ఇచ్చట చిల్లర బేరమైనది.

ముగింపుననుగూడ ఇట్టిదే జరిగెను. మొదట వెలువడినప్పుడు, నీటియంత్రమును నడపుటకు విషకిరణములు నిండిన గదిలోనికి ఎవరో యొకరు పోవలెను. నాయకుడు పోయినచో మరణించును, ఆటయు ముగియును. ఆడువారు గొణిగిరి. 2009లో బ్రోకెన్ స్టీల్ అను అనుబంధమును విక్రయించి, నాయకుడు మూర్ఛ తేఱి లేచునట్లు మార్చిరి. అమ్మకము సాగవలెనన్నచో నాయకుడు చావగూడదు గదా.

ఈ మూడవ యాటకును మన దేశమునకును ఒక ముడి యున్నది. ఎక్స్‌బాక్స్ యంత్రముపై ఆడు ఫాలౌట్ 3ను భారతదేశమున విడుదల చేయబోమని మైక్రోసాఫ్ట్ సంస్థ 2008 అక్టోబరులో ప్రకటించెను. సాంస్కృతిక సున్నితత్వము కారణమనిరి, వివరము చెప్పలేదు. ఆ యాటలలో అణుధూళివలన రెండు తలలతో పుట్టిన ఆవులకు 'బ్రాహ్మిన్' అని పేరుండుటయే హేతువని పలువురు ఊహించిరి. అమెరికావారు మన పశువులనుండి పెంపొందించుకొన్న జాతికి బ్రాహ్మన్ అని పేరు. దాని మూలములలో మన నెల్లూరు ప్రాంతపు ఒంగోలు జాతియు నొకటి. ఆ పేరునే కొలది మార్పుతో గైకొన్నట్లు తోచును. ఆ యెద్దుల బండ్లే యాటలో వర్తకులకు ఆధారము. ఒంగోలు గిత్త సముద్రములు దాటి, ప్రళయమును గూడ దాటి బ్రదికినదని సంతోషింపవచ్చును. పేరు విని నొచ్చుకొనువారి నొప్పియు కల్ల కాదు. జపానులో మార్పు వేఱు విధముగ జరిగెను. పేలని బాంబు చుట్టు కట్టుకొన్న మెగాటన్ అను ఊరిని కూలికి పేల్చివేయు ఘట్టమును అచ్చటి ప్రతినుండి తొలగించిరి. ఎవరి గాయము వారికి తెలియును.

2010లో ఆబ్సిడియన్ అను సంస్థ ఫాలౌట్: న్యూ వేగస్ చేసెను. పాత యాటలు చేసినవారు కొందఱు అందుండుటచేత పాత పదును కొంత తిరిగి వచ్చినది. కథ యంతయు హూవర్ ఆనకట్టకై మూడు పక్షముల పోరు: తూములు ఎవరి చేతనున్నచో నీరును విద్యుత్తును వారివి. తుంగభద్ర ఎగువ కాలువలో మనవంతు ఎంత వచ్చినదని పత్రికలో వెదకు అనంతపురమువారికి దీనికి వ్యాఖ్యానము వలదు. కోరుకొన్నవారికి అందొక కఠినమార్గ మున్నది. అందు నాయకునికి ఆకలి, దప్పి, నిద్ర మూడును కలుగును. అనగా దాహము ఐచ్ఛిక మైనది! వలసినవారు దాహపడవచ్చును. మూడవ యాటకు ఇది మేలే. చివరి సేనాపతిని వాక్చాతుర్యముతో వెనుకకు పంపుటయు ఇందు సాధ్యము.

బ్రయన్ ఫార్గో తన పాత వేస్ట్‌ల్యాండ్‌ను మఱచిపోలేదు. పెట్టుబడిదారు లెవ్వరును ముందుకు రాకపోగా, 2012లో ఆడువారినే చందా లడిగెను. అఱువదివేలకు పైగా జనులు దాదాపు 29 లక్షల డాలర్లు పోగుచేసి యిచ్చిరి. వేస్ట్‌ల్యాండ్ 2 అట్లు 2014లో వెలువడెను. దాని యారంభమున రేడియోలో ఒకేసారి రెండు ఆర్తనాదములు వినబడును. హైపూల్ అను ఊరు సీమకు నీరిచ్చునది, వ్యవసాయకేంద్రము అన్నమిచ్చునది. రెండును ఆపదలో నున్నవి. ఒకచోటికి పోయినచో రెండవది నశించును. పోయినదారిలో రేడియో ఆగదు. రెండవ ఊరివారు పిలుచుచునే యుందురు, పిలుపు క్షీణించును, తరువాత మౌనము. మా మేనల్లుడు నీటినే రక్షించెను. "అన్నం లేకున్నా నాలుగు దినాలుంటాం గదా అత్తా" అనెను. వాడు మాటలు చెప్పుచుండగా రేడియోను మాత్రము కట్టివేసెను. నే నేమియు ననలేదు. పుణ్యమింత పెరిగినదని తెరమీద పడకున్నను పిల్లవాని మనస్సున పడినది.

ఇచ్చట నా కొక ఆక్షేపణ గలదు. ఇది ఈ యాటలన్నిటికిని చెల్లును. శత్రువును గెలిచినకొలది, పనులు తీర్చినకొలది నాయకునికి 'అనుభవము' పెరుగును. అనుభవము పెరిగినకొలది బలము పెరుగును. ఆదిలో ఎలుకకు భయపడినవాడు కడపట పర్వతమువంటివాడగును. మౌసలపర్వములో కథ తలక్రిందులు. ద్వారక సముద్రమున మునిగిన వెనుక, యాదవస్త్రీలను వెంటబెట్టుకొని వచ్చు అర్జునుని ఆభీరులు త్రోవలో అడ్డగింతురు. గాండీవమును ఎక్కుపెట్టుటకే చేతులు రావు. అస్త్రములు స్మరణకు రావు. కన్నులయెదుటనే స్త్రీలను కొనిపోవుదురు. ఒక లోకము చెడినప్పుడు దాని వీరుని బలమును చెడునని వ్యాసుడెఱుగును. కఱవులో మనుష్యుడు బలియుట యెవరును చూడలేదు. ప్రళయములో దినదినము బలియు నాయకుని నిత్యము చూచు పిల్లవానికి ఆ కష్టము ఒక వ్యాయామశాలవలె తోచునేమో యని నాకు శంక.

2015లో వచ్చిన నాలుగవ ఫాలౌట్ మన గృహిణులకు విశేషముగ చెప్పదగినది. ఆట యుద్ధమునకు ముందు ఒక చక్కని యింటిలో, భార్యాభర్తలు, ఉయ్యాలలో పసిబిడ్డ యుండగా మొదలగును. నాయకుడుగా తండ్రినైనను తల్లినైనను ఎన్నుకొనవచ్చును. బిడ్డ అపహరింపబడును, వెదకుటకు బయలుదేరవలెను. కాని దారిలో ఊళ్లు కట్టు సదుపాయము పెట్టిరి: బావిపంపులు దింపుట, మంచములు వేయుట, కూరమళ్లు నాటుట, నీటిశుద్ధి యంత్రములు నిలుపుట, దీపములు కట్టుట. ఎంతమంది మనుష్యులున్న అంత అన్నము, అంత నీరు, అన్ని పడకలు లెక్కకు రావలెను. ఇంత మనోహరమైన పని దొరకగా బిడ్డను వెదకుట మాట యేమగును? తల్లి మాసములతరబడి గోడలకు సున్నము చూచుకొనుచుండగా బిడ్డకథ అచ్చటనే నిలిచియుండును, గడువు లేదు గదా. ఈ యసంగతమును ఆడువారే ఎత్తిచూపిరి. కర్మలెక్కయు ఇందు తీసివేయబడెను. వెంటనడచు స్నేహితుడు మెచ్చునా మెచ్చడా యన్నదే మిగిలినది. సంభాషణలో సాధారణముగ నాలుగు మాటలకంటె ఎంపిక లేదు. వెనుకటి వాది నోరు కట్టివేసి చేతికి తాపీ యిచ్చిరన్నమాట. అదే యేట ఫోనులలో ఆడుకొనుటకు ఫాలౌట్ షెల్టర్ అను చిన్న యాటను విడుదల చేసిరి. అందు ఆడువాడు నేలలోపలి ఆశ్రయమునకు పెద్ద; విద్యుత్తు, అన్నము, నీరు మూడింటిని తగ్గకుండ చూచుకొనవలెను. అందు చేయు పని యంతయు మనము వేతనము లేక నిత్యము చేయుచున్నదే.

తల్లులకొక మాట యిచ్చటనే చెప్పవలెను. ఈ పెద్ద యాటలు పసివారికొఱకు చేసినవి కావు. ఫాలౌట్ యాటలపై అమెరికాలో 17 ఏండ్లు నిండినవారికని, ఐరోపాలో 18 నిండినవారికని ముద్ర యుండును. రక్తపాతము, మత్తుపదార్థములు, అసభ్యభాష వానిలో గలవు. ఫోనులోని చిన్న యాట వేఱు, ఇవి వేఱు. ముద్ర చూడక కొనియిచ్చి పిదప తలుపు తట్టుటకంటె ముందే చూచుకొనుట సులువు.

2018లో వచ్చిన ఫాలౌట్ 76 ఒక వింత. ఒక్కడు గది మూసికొని యాడుట గాక, దూరదూరమున నున్నవా రనేకులు ఒకే లోకములో తిరుగునట్లు చేసిరి. తిరుగువారందఱు ఆడువారే కనుక కథలో వేఱు మనుష్యు లవసరము లేదని తలచి, మాటలాడు మనుష్యపాత్రలను తీసివేసిరి. ఊళ్లున్నవి, మనుష్యులు లేరు. చనిపోయినవారి గొంతులు పట్టీలలో వినబడును. నీరడుగువాడు లేడు, నీరిచ్చువాడు లేడు. జనులు విసిగిరి. 2020 ఏప్రిలులో పాత్రలను మఱల తెచ్చి నిలిపిరి. బొమ్మరిల్లు ఎంత పెద్దదైనను అందు బొమ్మలు లేనిదే పిల్లలు ఆడరని మనలో నెవరి నడిగినను చెప్పియుందురు. అంతకుముందు 2017లో ఐరోపాలోని ఆమ్‌స్టర్‌డామ్‌వారు చేసిన హొరైజన్ జీరో డాన్ అను ఆటలో బూడిదయెడారియే లేదు. ప్రళయము జరిగి దాదాపు వేయియేండ్లు కాగా అడవులు మఱల పచ్చనైనవి. నాయిక ఏలాయ్ అను తల్లిలేని పిల్ల. తల్లులను పూజించు తెగలో తల్లి లేదను కారణముననే వెలివేయబడినది. ఆమె వెదకునది నీటిని గాదు, తల్లిని.

ఈ యాటల చరిత్రలో మన జిల్లా పేరును రాదగినదే. వేస్ట్‌ల్యాండ్ చేయు ఫార్గోగారి ఇన్‌ఎక్జైల్ సంస్థను, న్యూ వేగస్ చేసిన ఆబ్సిడియన్‌ను కొనుచున్నట్లు 2018లో మైక్రోసాఫ్ట్ ప్రకటించినది. బెతెస్డా మాతృసంస్థను 750 కోట్ల డాలర్లకు కొనుట 2021లో పూర్తియైనది. విడిపోయిన దాయాదు లందఱు అట్లు ఒకే యింటికి చేరిరి. ఆ కొనుగోళ్లు చేసిన కాలమున సంస్థకు అధిపతి సత్య నాదెళ్లగారు. 2014లో ఆ పదవి నందిరి. ఆయన తండ్రి, గ్రామీణాభివృద్ధి శాఖలో పనిచేసి పేరొందిన బి.ఎన్. యుగంధర్‌గారి స్వగ్రామము అనంతపురము జిల్లా యల్లనూరు మండలములోని బుక్కాపురము. 2008లో మన దేశమునకు రాదనిన ఆట నేడు ఆ సంస్థ సొత్తే.

తెలుగువారును ప్రళయానంతర కథను ఇటీవల పెద్దయెత్తున చెప్పిరి. 2024 జూన్‌లో విడుదలైన నాగ్ అశ్విన్‌గారి కల్కి 2898 ఏడీ చలనచిత్రములో లోకమున మిగిలిన కడపటి నగరము కాశి, గంగ యెండినది, నీరును పచ్చదనమును ఆకసమున వ్రేలాడు కాంప్లెక్స్‌లోని కొలదిమందికే. అశ్వత్థామయు గర్భవతియైన స్త్రీయు కథకు కేంద్రములు. మహాభారతమును ముగింపునుండి అందుకొనుట నాకు నచ్చినది. కాని అది చూచునట్టిది, ఆడునట్టిది కాదు. దప్పిగొన్నవానికి నీరిచ్చుటో మానుటో ప్రేక్షకుని చేతిలో లేదు. ఇంతవఱకు నేను పేర్కొన్న యాటలలో నొకటియు తెలుగు మాటాడదు.

మాటాడినచో దాని నెచ్చట మొదలిడవలెనని మేనల్లుడు నన్నడిగెను. చెఱువుకట్టమీద నంటిని. నాయకునికి తుపాకి వలదు, వాడు నీరుగంటి. వానలు తప్పినవి, చెఱువులో నీరు తూము అంచునకు దిగినది. ఆయకట్టులో ఎగువమడివాడు మేనమామ, దిగువమడిది విధవరాలు, నడిమడివాడు నిరుడు గింజలు అప్పిచ్చినవాడు. పశువులకు కొంత నీరు మిగుల్చవలెను. రాత్రి యెవరో తూము ఎత్తి పోయినారు. గడువు ఎన్ని దినములు పెట్టుదమని వాడు కాగితము తీసెను. ఈ యేటి వానలను బట్టి చెప్పవలెనని నేనంటిని.